మిడతకు బాకీపడ్డ జవాబు

ఎముకల విభాగం,
ఆపరేషన్ గది పక్క గది

అక్కా,

నిన్న ఫోన్లో నేను గొంతు పెంచానో లేదో, "తగువైతే కాగితం మీద పెట్టు" అని ఠపీమని పెట్టేశావు. చిన్నప్పుడు మనిద్దరి అరుపులకి ఇల్లు ఎగిరిపోతోందని అమ్మ పెట్టిన నియమం అది. కోపమొచ్చినవాళ్ళు రాసి ఇవ్వాలి, అవతలివాళ్ళు రాసే జవాబివ్వాలి. నువ్వు పిల్లల అంటురోగాల డాక్టరువయ్యావు, నేను ఎముకల డాక్టర్నయ్యాను, ఇద్దరికీ జుట్టు నెరుస్తోంది, ఆ నియమం మాత్రం మనల్ని వదల్లేదు. సరే, రాస్తున్నాను.

నేనడిగింది ఒక్క వాక్యం. దానికింత రాద్ధాంతం ఎందుకు?

మళ్ళీ మొదట్నుంచీ చెప్తాను విను. నా దగ్గరికి ఒక పిల్ల వచ్చింది. పదేళ్ళుంటాయి. హైజంప్ చేస్తుంది. బడిలో అందరూ మిడత అంటారట, ఇప్పుడు మా వార్డులోనూ అదే పేరు. కొన్ని నెలలుగా మోకాలి కింద నొప్పి. ముందు దూకడం మానేసింది, తర్వాత పరిగెత్తడం, ఇప్పుడు నడిస్తే కుంటుతోంది. ఎక్స్‌రే తీస్తే ఎముకలో చిల్లు. సరిగ్గా దాని పక్కనే ఎముక పొడవు పెరిగే పొర. లోపలి నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాను. రిపోర్టు అటూ ఇటూ కాకుండా వచ్చింది. క్యాన్సరని చెప్పలేరట, కాదనీ చెప్పలేరట. ఈలోగా చిల్లు పెద్దదవుతోంది.

మా విభాగం పెద్దాయన ఇక ఆగడానికి వీల్లేదన్నారు. ఆ భాగం మొత్తం, పెరిగే పొరతో సహా తీసెయ్యాలన్నారు. వచ్చే నెల మొదట్లో ఆపరేషన్. పిల్లకి ప్రాణభయం ఉండదు. కాలు ఉంటుంది కానీ రెండో కాలితో సమానంగా ఎదగదు. ఇక హైజంప్ సంగతి నీకు చెప్పక్కర్లేదు.

పిల్లలకి ఇంత పెద్ద ఆపరేషన్ చేసేముందు, ఇది ఇన్ఫెక్షన్ కాదని మీ విభాగంవాళ్ళు ఎవరో ఒకరు రాసివ్వడం ఇక్కడి పద్ధతి. మా ఆసుపత్రిలో మీవాళ్ళు లేరు. అందుకే నిన్నడిగాను. అన్ని పరీక్షలూ చేశాం. ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టు.

ఇట్లు,
నీ తమ్ముడు


పిల్లల వార్డు, రెండో అంతస్తు,
కిటికీ తెరుచుకోని గది

ఒరేయ్ వడ్రంగీ,

రాయను.

చూడని పిల్ల గురించి సంతకం పెట్టడానికి నేనేమైనా పోస్టాఫీసు ముద్రనా? నీకు సుత్తి, ఉలి, రంపం ఉన్నాయి. నాకున్నవి ప్రశ్నలే. అవి కూడా అడక్కుండా వాక్యం రాసెయ్యమంటావు.

కిందటి నెల ఒక బాబు వచ్చాడు. తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చే జ్వరం, విరేచనాలు. ఇంట్లో జంతువులేమైనా ఉన్నాయా అని అడిగితే నాన్న లేవన్నాడు, అమ్మ లేవంది, నాయనమ్మైతే "మా ఇంట్లో చీమ కూడా ఉండదు" అని నామీద గయ్యిమంది. వాళ్ళ ముగ్గుర్నీ బయటికి పంపి బాబుని అడిగాను. వాడు నా చెవిలో, "తాబేలు జంతువా?" అన్నాడు. మంచం కింద బకెట్లో వాడు రహస్యంగా పెంచుకుంటున్న తాబేలు దగ్గర్నుంచి వచ్చింది ఆ జ్వరం. ఇప్పుడు ఇద్దరూ కులాసాగా ఉన్నారు, బకెట్ మాత్రం పెరట్లోకి మారింది. పెద్దవాళ్ళు అబద్ధాలాడరురా, వాళ్ళకి తెలియదంతే. అందుకే నేను పిల్లల్ని విడిగా అడుగుతాను.

కాబట్టి నా ప్రశ్నలకి జవాబులు రాయి. జ్వరం ఎప్పుడైనా వచ్చిందా? బరువు తగ్గిందా? ఇంట్లో ఎవరికైనా దగ్గు పట్టి వదలకుండా ఉందా? పిల్లి, కుక్క, పావురం? కాలికి దెబ్బ, గీత, గుచ్చుకోవడం? ఇంతవరకు ఏయే మందులు వాడారు? తీసిన ముక్కని ఏ సీసాలో వేశారు?

పిల్లని నా దగ్గరికి పంపించు. మీ పెద్దాయన తేదీ పెట్టుకుంటే పెట్టుకోనీ, ఆ తేదీకి ఇంకా వ్యవధి ఉంది కదా.

ఇట్లు,
అక్క


ఎముకల విభాగం

క్రిముల మహారాణి గారికి,

మీ ఆజ్ఞ శిరసావహించాము. జ్వరం లేదు. బరువు తగ్గలేదు. దగ్గులు లేవు. పిల్లీ కుక్కా పావురం తాబేలు ఏనుగు, ఏవీ లేవు. దెబ్బ తగిలినట్టు తల్లికి గుర్తులేదు. నొప్పి మందులు తప్ప ఏమీ వాడలేదు. చాలా?

నేను హాస్యమాడే పరిస్థితిలో లేను అక్కా. పెద్దాయనకి చెప్తే ముఖం గంటు పెట్టుకున్నారు. "మీ అక్కగారి ప్రశ్నల కోసం క్యాన్సర్ గడ్డ ఆగదయ్యా" అన్నారు. తేదీ మార్చేది లేదన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. ఇలాంటి చిల్లుని తక్కువ అంచనా వేసి ఒక పిల్లని పోగొట్టుకున్నారట ఒకప్పుడు. అప్పట్నుంచి ఆయనకి ఆలస్యమంటే భయం. నాకూ భయంగానే ఉంది. నీ పట్టుదల వల్ల ఆలస్యమై, తీరా అది క్యాన్సరే అయితే ఎవరు జవాబు చెప్తారు?

అయినా పంపిస్తున్నాను. పిల్ల తల్లి బస్సు కండక్టరు. పెద్ద గొంతు. నువ్వు చూస్తానన్నావని చెప్పగానే, "కాలు మిగిలే దారి ఒక్కటున్నా నేను ఎంత దూరమైనా వస్తాను సార్" అంది. ఆవిడకి ఆశ పెట్టింది నువ్వు. అది గుర్తుంచుకో.

ఇట్లు,
నీ తమ్ముడు


పిల్లల వార్డు, రెండో అంతస్తు

ఒరేయ్,

నీ మిడత వచ్చింది. వార్డు వార్డంతా దాని వెనకే తిరుగుతోంది. చక్రాల కుర్చీ ఇస్తే, "అది కాళ్ళు బాగాలేనివాళ్ళకి" అని పక్కకి తోసేసి గోడ పట్టుకుని కుంటుకుంటూ లోపలికొచ్చింది. ఆ పొగరు చూస్తే నాకు చెప్పలేనంత ముద్దొచ్చింది.

కండక్టరమ్మ గురించి నువ్వు సగమే రాశావు. ఆవిడ వచ్చిన పూటే మా ఓపీ ముందు తోసుకుంటున్న జనాన్ని ఒక్క కేకతో వరసలో నిలబెట్టింది. అంతా బాగానే ఉంది కానీ, నేను పిల్లని ప్రశ్న అడిగితే టికెట్ కొట్టి ఇచ్చినంత వేగంగా జవాబు ఈవిడే ఇచ్చేస్తోంది. పిల్ల నోరు తెరిచే లోపల నేను తర్వాతి స్టాపులో ఉంటున్నాను.

అందుకని నా మామూలు ఆట మొదలుపెట్టాను. నేనొక ప్రశ్న, తనొక ప్రశ్న. ఇద్దరూ నిజమే చెప్పాలి. జవాబు తెలియకపోతే బాకీ పెట్టొచ్చు, తప్పించుకోకూడదు. మిడత బేరమాడి, "ముందు నేను" అంది.

"క్రిములు నిద్రపోతాయా?"

కొన్ని పోతాయన్నాను.

"మీకు పిల్లలిష్టమా, క్రిములిష్టమా?"

పిల్లలే ఇష్టం గానీ వాళ్ళకన్నా క్రిములే ఎక్కువ మాట వింటాయన్నాను. కిసుక్కున నవ్వింది. కానీ కాలికి ఏమైనా గుచ్చుకుందా అని నేనడిగినప్పుడు ముందు తల్లి ముఖం చూసి, తర్వాత నేల చూసి, "గుర్తులేదు" అంది. అప్పటిదాకా తడుముకోకుండా మాట్లాడిన పిల్ల ఆ ఒక్కచోటే తడబడింది. రక్తపరీక్షలు, క్షయ పరీక్ష అన్నీ చేయించాను. వాటిలో ఏమీ తేలలేదు. తల్లి లేనప్పుడు ఇంకోసారి ఆడాలి.

ఇక నీ సంగతి. ఏనుగుతో సహా అన్నిటికీ జవాబిచ్చావు, ఒక్కదానికి ఇవ్వలేదు. ముక్కని ఏ సీసాలో వేశావురా? నువ్వు కూడా మిడతలాగే నేల చూస్తున్నావా?

అక్క


ఎముకల విభాగం

అక్కా,

ఫార్మలిన్ సీసాలో వేశాను. ముక్క మొత్తం.

నీ ఉత్తరంలో ఆ ప్రశ్న మొదటిసారి చూసినప్పుడే నా తప్పు తెలిసింది, అందుకే దాన్ని దాటేశాను. ఫార్మలిన్‌లో పడ్డ ముక్క కుళ్ళదు, కణాలు చెక్కుచెదరవు, సూక్ష్మదర్శినిలో చక్కగా కనిపిస్తాయి. కానీ ఆ నీళ్ళలో పడ్డాక ఏ క్రిమీ బతకదు. క్రిమి ఉందో లేదో తెలియాలంటే ముక్కలో సగం ఉప్పునీళ్ళ సీసాలో వేసి, బతికుండగానే కల్చర్ పరీక్షకి పంపాలి. అది నాకు తెలియక కాదు. గడ్డే అనుకున్నాను, గడ్డలకి వాడే సీసానే చేతికందింది, నా చేత్తోనే మూత బిగించాను. రెండో సీసా ఊసే రాలేదు. నీకు మాత్రం అన్ని పరీక్షలూ చేశామని దర్జాగా రాశాను.

నువ్వేమైనా అను. ఈసారి పడతాను.

నీ తమ్ముడు


పిల్లల వార్డు, రెండో అంతస్తు

నాన్నా,

ఏమీ అనను. తిట్టాలని కాగితం తీశాను, మొదటి మాట రాసేసరికే కోపం పోయింది. గడ్డ అనుకున్నవాడి చేతికి గడ్డ సీసానే దొరుకుతుంది. నువ్వొక్కడివే కాదు, మీవాళ్ళలో ఈ పని చెయ్యనివాడు నాకింతవరకు తగల్లేదు. అందుకే అడిగాను. నువ్వు నిజం రాశావు, నాకది చాలు.

ఇప్పుడు కూర్చుని చదువు. నిలబడి చదవకు.

ఈ ఉదయం కండక్టరమ్మని టీ తాగి రమ్మని కింద క్యాంటీన్‌కి పంపించాను. తలుపు మూసి మిడత పక్కన మంచం మీద కూర్చున్నాను. ఈసారి ప్రశ్న నాదన్నాను. కాలికి ఏమైనా గుచ్చుకుందా అని మళ్ళీ అదే అడిగాను. చాలాసేపు దుప్పటి అంచు నలిపింది. తర్వాత, "ముందు నా ప్రశ్న. నేను చెప్పింది అమ్మకి చెప్పేస్తారా?" అంది.

"నేను చెప్పను. నువ్వే చెప్తావు. నేను నీ పక్కనే ఉంటాను" అన్నాను.

ఆ మాట తనకి నచ్చలేదు, కానీ ఆట ఆటే కదా. చెప్పింది.

వీళ్ళ ఆటస్థలం వెనక ముళ్ళపొదల కంచె ఉందట. బడిలో హైజంప్ కర్ర తనకి చాలినంత ఎత్తు పెట్టనివ్వరట, ఇంకా చిన్నపిల్లవంటారట. అందుకని అందరూ వెళ్ళిపోయాక మిడత ఆ కంచె మీదుగా దూకడం సాధన చేసేది! అటు దూకి, ఇటు దూకి, రోజూ. ఒకసారి తల్లి కంటపడితే వీపు విమానం మోత మోగించి, ఇంకెప్పుడూ దాని దగ్గరికి పోనని ఒట్టు వేయించుకుందట. ఒట్టు వేశాక కూడా దూకింది. ఆ రోజే కాలు తగిలి కంచె మీద పడింది. మోకాలి కింద ముల్లు దిగింది. పైకి కనిపించిన ముక్క తనే లాగేసి, కుళాయి కింద కడుక్కుని, పొడవు గౌను వేసుకుని తిరిగింది. గాయం మానిపోయింది. నెలల తర్వాత నొప్పి మొదలైంది. ఆ నొప్పికీ ఈ ముల్లుకీ సంబంధం ఉంటుందని దానికి తట్టలేదు, ఒట్టు తప్పినందుకు కాలు పోతోందని మాత్రం అనుకుంది. ఆ మాట చెప్తూ ఏడ్చింది రా. ఇన్నాళ్ళు ఆ భయాన్ని లోపలే పెట్టుకుని గోడ పట్టుకుని నడుస్తోంది.

ముల్లు ఎక్స్‌రేలో కనిపించదు, నీకు తెలుసు. వెంటనే కిందికి తీసుకెళ్ళి స్కానింగ్ చేయించాను. ఎముక అంచుని ఆనుకుని, చిల్లు మొదలయ్యే చోట, సన్నని గీత. చూస్తూనే ఎగిరి గంతేశాను, స్కానింగ్ చేసే అమ్మాయి బెదిరిపోయింది.

కానీ నిజం చెప్పాలి కదా. గీత కనిపించింది, ముల్లు కనిపించలేదు. అది మచ్చ కావచ్చు, నరం కావచ్చు. ముల్లు ఉన్నంత మాత్రాన పక్కన గడ్డ ఉండకూడదనీ లేదు. నాకు నమ్మకం ఉంది, దాంతోపాటు భయమూ ఉంది. నా మాట తప్పైతే మీ పెద్దాయన అన్నట్టే అవుతుంది, నష్టపోయేది ఆ పిల్ల.

నువ్వు చెయ్యాల్సింది ఇది. మీ పెద్దాయన దగ్గరికెళ్ళి సీసా సంగతి నీ నోటితో చెప్పు. పెరిగే పొర జోలికి పోకుండా చిన్న కోత పెట్టి, ఆ గీతని వెతుకు. దొరికినదాంట్లో సగం ఫార్మలిన్‌లో, సగం ఉప్పునీళ్ళలో. ఆ రెండోది నాకు పంపు, మా ల్యాబ్‌లో ఎక్కువ రోజులు ఉంచి చూస్తారు.

కండక్టరమ్మ పైకొచ్చాక మిడత నా చెయ్యి పట్టుకుని అంతా చెప్పేసింది. నేను పెద్ద కేక కోసం చెవులు సిద్ధం చేసుకున్నాను. కానీ ఆవిడ పిల్లని దగ్గరికి లాక్కుని, "ఎంతెత్తే ఆ కంచె?" అంది. మిడత చెయ్యెత్తి చూపించింది. "అమ్మో" అంది ఆవిడ. అందులో సగం భయం, సగం గర్వం.

వెళ్ళేముందు మిడత తన వంతు ప్రశ్న అడిగింది. "నేను మళ్ళీ దూకుతానా?" నేను ఈ ఆట మొదలుపెట్టాక ఎవరికీ బాకీ పెట్టలేదు. దీనికి మాత్రం పెట్టాను. బాకీ తీర్చకపోతే ఊరుకోనని వేలు చూపించి మరీ వెళ్ళింది.

అక్క


ఎముకల విభాగం

అక్కా,

చెప్పాను. పెద్దాయన గదిలో నిలబడి సీసా సంగతి, కంచె సంగతి, గీత సంగతి అన్నీ చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. అరుస్తారనుకున్నాను.

"ఆ రోజు బల్ల దగ్గర నేనూ ఉన్నాను కదయ్యా. రెండో సీసా ఏదని నేనూ అడగలేదు" అన్నారు.

నాకు ఆయన మీద ఉన్న గౌరవం రెట్టింపైంది. అంతలోనే మళ్ళీ బిగుసుకుపోయారు. "మీ అక్కగారు ముల్లంటోంది, నేను గడ్డంటున్నాను. ఇద్దరిలో ఎవరో ఒకరం తప్పు. చిన్న కోతే పెట్టు, నేను పక్కన ఉంటాను. ముల్లు దొరికితే సరే. దొరక్కపోయి, అక్కడికక్కడే ముక్కని పరీక్ష చేసినవాళ్ళకి అనుమానం వస్తే, అదే బల్ల మీద నేననుకున్న ఆపరేషన్ చేస్తాం. మళ్ళీ ఇంకో తేదీ లేదు" అన్నారు. తల్లికి అన్నీ విడమరిచి చెప్పాం. ఆవిడ సంతకం పెట్టి, కలం నా చేతిలో పెడుతూ, "బాగా వెతకండి సార్" అంది.

రేపు పొద్దున్నే. నేను ఎన్ని ఎముకలు కోశానో నాకే గుర్తులేదు, కానీ ఇంత భయం ఎప్పుడూ వెయ్యలేదు. ఇది పోట్లాట ఉత్తరం కాదు, ఫోన్ చెయ్యొచ్చు. కానీ నీ గొంతు వింటే ఏడుస్తానేమోనని రాస్తున్నాను. రెండు సీసాలూ ఇప్పుడే దగ్గరుండి శుభ్రం చేయించి, నా చేత్తో పేర్లు అంటించి, బల్ల మీద పక్కపక్కనే పెట్టి వచ్చాను.

నీ తమ్ముడు


ఎముకల విభాగం,
ఆపరేషన్ గది పక్క గది

అక్కా అక్కా అక్కా,

దొరికింది!

ఫోన్లో నేను చెప్పిందంతా అరుపే గానీ మాటల్లా లేవని నువ్వే అన్నావు కాబట్టి వివరంగా రాస్తున్నాను, దాచుకో.

నువ్వు చెప్పిన చోటే చిన్న కోత పెట్టాను. ఎముక అంచు దాకా వెళ్ళాను. ఏమీ లేదు. ఇంకొంచెం పక్కకి వెతికాను. అక్కడా ఏమీ లేదు. పెద్దాయన గట్టిగా ఊపిరి వదిలారు. ఆ శబ్దానికి నా పై ప్రాణాలు పైనే పోయాయి. పెద్ద పనిముట్ల పెట్టె వైపు ఆయన ఒకసారి చూశారు కూడా. అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. ఒక ప్రశ్న రెండోసారి అడగడానికి నువ్వు సిగ్గుపడవు కదా. మొదట వెతికిన చోటే మళ్ళీ వెతికాను, ఈసారి పట్టకారు మొనని చిల్లు లోపలికి పోనిచ్చి. ఏదో గీసుకుంది. ఎముక కాదు, అంతకంటే మెత్తన. మెల్లగా పట్టి లాగాను.

గోధుమరంగు ముల్లు అక్కా. గోరంత ఉంది. ఎముకలోకి సూటిగా దిగి కూర్చుంది. మొన ఇంకా పదునుగానే ఉంది. నర్సమ్మ "అబ్బా" అంది. మత్తు డాక్టరు కుర్చీలోంచి లేచి తొంగిచూశాడు. నేను పట్టకారు పైకెత్తి అలాగే నిలబడిపోయాను, చేతులు కిందికి దించాలన్న సంగతి కూడా తెలియలేదు.

అప్పుడు పెద్దాయన ఏం చేశారో తెలుసా? తనే ఉప్పునీళ్ళ సీసా మూత తీయించి నా ముందుకి పట్టించారు. "సగం ఇందులో, సగం అందులో. ఎవరైనా పొరపడ్డారంటే మర్యాద దక్కదు" అన్నారు. మాస్కు పైన ఆయన కళ్ళు నవ్వుతున్నాయి. చిల్లులోపల గోకి తీసినదాన్ని కూడా అలాగే పంచాం. అక్కడికక్కడే చూసినవాళ్ళు గడ్డ కణం ఒక్కటీ లేదన్నారు. పెరిగే పొరని ఎవరూ ముట్టుకోలేదు.

బయటికొచ్చి కండక్టరమ్మకి చెప్పగానే ఆవిడ కేక పెట్టింది చూడు, కింద గేటు దగ్గర కాపలాదారు పైకి పరిగెత్తుకొచ్చాడు. ముక్కని మీ ల్యాబ్‌కి ఎలా పంపాలా అని నేను తలపట్టుకుంటే, "అది నాకొదిలెయ్యండి" అంది. డిపోలో తన తోటివాళ్ళకి కబురు పెట్టింది. పెట్టె ఈ బస్సు నుంచి ఆ బస్సుకి, కండక్టరు చేతి నుంచి కండక్టరు చేతికి మారి నీ దగ్గరికొస్తోంది. దాన్ని కిటికీ పక్క సీట్లో కూర్చోబెట్టి, ఎవరినీ పక్కన కూర్చోనివ్వలేదట!

గాల్లో తేలిపోతున్న
నీ వడ్రంగి


పిల్లల వార్డు, రెండో అంతస్తు

మా బంగారు వడ్రంగికి,

నువ్వడిగిన ఒక్క వాక్యం ఇదిగో, సంతకంతో సహా: ఇది ఇన్ఫెక్షనే.

పెట్టె భద్రంగా చేరింది. తెచ్చిన కండక్టరు నా చేతిలో పెట్టి సంతకం తీసుకుని మరీ వెళ్ళాడు. కల్చర్ పెట్టించాను. మర్నాటికి ఏమీ లేదు. ల్యాబ్ తలుపు దగ్గర నేను అన్నిసార్లు తచ్చాడుతుంటే, "మేడమ్, మీరు చూస్తుంటే సిగ్గుపడి పెరగట్లేదేమో" అన్నారు అక్కడివాళ్ళు. వెళ్ళిపోయాను. ఆ తర్వాతి రోజు వాళ్ళే పరిగెత్తుకుంటూ వచ్చారు. ప్లేటు నిండా పసుపుపచ్చని చుక్కలు! ఆకుల మీద, కొమ్మల మీద బతికే క్రిమి అది. మనుషుల జోలికి సాధారణంగా రాదు. పాపం, ఎముకలోకి వెళ్ళాలని దానికీ లేదు, మిడతే ముల్లు మీదికి దూకి లోపలికి తీసుకెళ్ళింది. మామూలు మందుకే లొంగుతుంది. కొన్ని వారాలు మాత్రలు మింగితే చాలు, మిగతాది ఎముకే చూసుకుంటుంది.

మిడతకి ఫోన్లో చెప్పాను. "ఆకుల మీద క్రిమి అంటున్నారు, నాలో చెట్టు మొలుస్తుందా?" అని అడిగింది. మొలవదన్నాను. కొంచెం నిరాశపడింది.

రోజూ నేను చాలామంది పిల్లలకి మందు రాస్తాను. వాళ్ళు బాగుపడి వెళ్ళిపోతారు, నన్ను మరిచిపోతారు, అలా మరిచిపోవడమే నాకు కావాలి. కానీ ఈ చీటీ రాస్తుంటే నా చెయ్యి ఆగలేదు, నవ్వు ఆగలేదు. మీ పెద్దాయన కూడా ఫోన్ చేశారు. పిల్లలకి ఏ ఎముక ముక్క తీసినా ఇకమీదట బల్ల మీద రెండు సీసాలు లేనిదే కత్తి పట్టొద్దని మీ విభాగంలో చెప్పేశారట. "మీ తమ్ముడు ధైర్యవంతుడమ్మా" అన్నారు. నాకు తెలుసన్నాను. నిన్ను పొగిడానని పొంగిపోకు, ఈ ఒక్కసారికే.

ఒక్కటే మిగిలింది. దాని ఆఖరి ప్రశ్న నా దగ్గర ఇంకా బాకీగానే ఉంది. పెరిగే పొర బాగుంది, చిల్లు పూడాలి, కాలికి బలం రావాలి. దూకుతుందనే నా నమ్మకం. కానీ మా ఆటలో నమ్మకం జవాబు కాదు. అందుకని ఆగాను.

అక్క


ఆటస్థలం,
మెట్ల మీద, ఎండలో

అక్కా,

చెమటతో కాగితం తడిసిపోతోంది, అక్షరాలు సరిగ్గా లేకపోతే సర్దుకో. పెద్దాయన నా పక్కనే గొడుగు వేసుకుని కూర్చున్నారు. సెలవు పెట్టి మరీ వచ్చారు.

కిందటి వారం ఎక్స్‌రే తీశాం. చిల్లు ఉండాల్సిన చోట ఎముక. ఎక్కడ కోశానో నేనే వెతుక్కోవాల్సి వచ్చింది. కాళ్ళు రెండూ కొలిచాం, సమానం. "దూకొచ్చా?" అంది మిడత. నేను పెద్దాయన వైపు చూశాను, ఆయన నా వైపు చూశారు. "దూకవే తల్లీ" అన్నారు ఆయన.

ఈ రోజు బడి పోటీలు. ఆటల మాస్టారు కంచె దగ్గరికి స్వయంగా టేపు పట్టుకెళ్ళి, దాని ఎత్తు కొలిచి వచ్చారట. ముందు మిడత అన్నీ తేలిగ్గా దూకేసింది. చివరికి ఆయన కర్రని సరిగ్గా ఆ కంచె ఎత్తుకి పెట్టారు. పిల్లలందరూ గోల ఆపేశారు. కండక్టరమ్మ కళ్ళు గట్టిగా మూసుకుని నా చెయ్యి పట్టుకుంది. ఆ పట్టుకి నా వేళ్ళు విరిగితే నాకు నేనే కట్టు కట్టుకోవాలి.

మొదటిసారి కర్ర పడింది. మిడత లేచి ఇసక దులుపుకుని, కర్ర వంక కోపంగా చూసి, మళ్ళీ వెనక్కి నడిచింది. కుంటు లేదు అక్కా. నేను దాని నడకే చూస్తున్నాను, కుంటు అన్నది లేదు. పరిగెత్తింది. కర్ర దగ్గర గాల్లోకి లేచింది, వీపు వంచింది, ఆ కాలు, మేం తీసెయ్యబోయిన ఆ ఎముక ఉన్న కాలు, అన్నిటికంటే ఆఖర్న కర్ర మీదుగా దాటింది. కర్ర కదల్లేదు. నేను పెద్దాయన్ని కౌగిలించుకున్నాను, ఆయన గొడుగు ఎటో ఎగిరిపోయింది. కండక్టరమ్మ కళ్ళు మూసుకునే ఉంది, "ఏమైంది సార్, ఏమైంది?" అని అరుస్తోంది. దాటేసిందని చెప్పగానే ఏడ్చింది, తర్వాత ఈల వేసింది. అలాంటి ఈల నేనెప్పుడూ వినలేదు.

మిడత రొప్పుకుంటూ తిన్నగా నా దగ్గరికే వచ్చింది. నేను నీకు ఉత్తరాలు రాస్తుంటానని దానికి తెలుసు. ఈ కాగితం చూసి, "ఆ డాక్టరమ్మకేనా?" అంది. అవునన్నాను.

"అయితే ఇది కూడా రాయండి. నా ప్రశ్న ఒకటి ఆవిడ దగ్గర బాకీ ఉంది. ఇక చెప్పక్కర్లేదు, జవాబు నేనే చెప్పేశానని రాయండి" అంది.

రాశాను.

నీ వడ్రంగి